బావమరిది పట్టిన తాడు



పోస్టు పొడుగ్గా ఉంటది, ఓపిగ్గా చదవండి. ఇందులో మేము చేసిన గొప్ప పని ఏమీ లేదు. చేసిన తప్పు ఒకటున్నది. అది దిద్దుకుందామని నల్లమలకు పోయి, అక్కడ తప్పిపోయి, తేనెటీగలతో కుట్టించుకుని వచ్చినం. మా రూములో నాలుగోవాడు మొత్తం చదివి "పెట్టుండ్రి" అన్నంకనే పెడుతున్నం. పేర్లు మాత్రం వద్దన్నడు.

మా హాస్టల్ రూములో నలుగురం. ఒకడు గుండాల దిక్కు కోయ, ఒకడు ఉట్నూరు దిక్కు గోండు, ఒకడు దేవరకొండ దిక్కు లంబాడా. నాలుగోవాడు అమ్రాబాద్ దిక్కు చెంచు. ఈ పోస్టులో "మేము" అంటే మొదటి ముగ్గురం. నలుగురి ఇండ్లల్లో కూడా కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

మొదటి వారం రూములో మాటల్లేవు. 2017లో ఆదివాసీలకు, లంబాడాలకు మధ్య గొడవలైనప్పుడు మేము ఆశ్రమ పాఠశాలల్లో చిన్న తరగతులు. అప్పుడు పెద్దోళ్ళు అనుకున్న మాటలు మా చెవుల్లో ఇంకా ఉన్నయి. కానీ నలుగురికి ఒకటే బకెట్, ఒకటే చార్జర్ అయినప్పుడు ఎన్ని రోజులు మూతి ముడుచుకుని ఉంటం? పచ్చడి సీసా ఒకటి తెరిచిన రోజు మాటలు మొదలైనయి. కోయవాడు, గోండువాడు దేవుళ్ళ లెక్క వేసుకున్నరు. ఒకరిది ఐదో గట్టు, ఇంకొకరిది ఆరు దేవుళ్ళ సగ. లెక్క వేరే కాబట్టి బావ వరస కలిసింది. లంబాడా వాడు "మరి నేను?" అంటే "నువ్వు కూడా బావవే పో" అన్నం.

చెంచు దోస్తుకు మాత్రం వరస కలపలేదు. వాన్ని "తేనె" అని పిలిచేటోళ్ళం. సీనియర్లు "ఏమిరా, తేనె తెచ్చినవా" అని ఏడిపించేటోళ్ళు. మేము ఆపాల్సింది పోయి అదే పేరు పట్టుకున్నం. వాడు నవ్వేటోడు. నవ్వుతున్నడు గదా అని మేము సాగదీసినం.

ఫిబ్రవరిలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఎవరి భాషలో దేన్ని ఏమంటరో చెప్పుకుంటున్నం. నీళ్ళను కోయలో, గోండిలో ఏర్ అంటరు, లంబాడీలో పాణి అంటరు. "మరి మీ భాషలో?" అని వాన్ని అడిగినం. "నీళ్ళే," అన్నడు. ఇంకో మాట అడిగినం, అది కూడా తెలుగే. చెంచుల ఇండ్లల్లో మాట్లాడేది తెలుగే, వాళ్ళ యాస వేరే. మాకు అది తెలుసు. తెలిసి కూడా నవ్వినం. "నీకు భాషే లేదు గదరా, నువ్వేం ట్రైబల్‌వురా" అన్నం. ముగ్గురిలో ఎవరన్నరో ఇప్పుడు ముగ్గురికీ గుర్తుంది. కానీ అన్నది ఒకడైతే నవ్వింది ముగ్గురం, కాబట్టి అన్నది మేమే.

వాడు చీకట్లో ఏమీ అనలేదు. పండుకున్నడు.

మార్చిలో ఇంటి నుంచి కబురొస్తే పోయిండు. వాళ్ళ నాయిన కాలు విరిగిందట. వారంలో వస్తనన్నోడు నెలైనా రాలేదు. ఫోన్ కలవదు, వాళ్ళ పెంటలో సిగ్నల్ ఉండదు. మే నెలలో సెమిస్టర్ పరీక్షలు. వాని ఫీజు మేమే కట్టినం గానీ మనిషి లేడు. వాని మంచం కింద ట్రంకుపెట్టె అట్లనే ఉంది. రాత్రి అది కనబడ్డప్పుడల్లా మాకు ఒకటే అనుమానం. నాయిన కాలు కోసమే పోయిండా, మా మాట పడక పోయిండా?

ఏప్రిల్‌లో చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర వస్తది. నల్లమల లోయలో లింగమయ్య జాతర అది, పూజలు చేసేది చెంచులే. మిగతా రోజుల్లో అది అమ్రాబాద్ టైగర్ రిజర్వు లోపలి అడవి, బయటోళ్ళను పోనియ్యరు. జాతర కొద్ది రోజులే దారి తెరుస్తరు. వాడు అక్కడ ఉండకుండ ఉండడు అనుకున్నం. ముగ్గురి జేబులు కలిపితే 1,900 రూపాయలు తేలినయి. ఎంజీబీఎస్‌లో అచ్చంపేట బస్సు ఎక్కినం.

మన్ననూరు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. శ్రీశైలం రోడ్డు మీద అక్కడ చెక్‌పోస్టు ఉంటది. జంతువుల కోసం రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూస్తరు. బయటనే ఒక హోటల్ అరుగు మీద పండుకున్నం. తెల్లారి జాతర జీపులో ఫరహాబాద్ దగ్గర రోడ్డు దిగి అడవిలోకి పోయినం. బండ్లు ఆగిన కాడ నుంచి నాలుగైదు కిలోమీటర్లు నడక. ముందు చదును, తర్వాత లోయలోకి నిలువు దిగుడు, రాళ్ళు. దిగేటోళ్ళు వస్తున్నమని లింగమయ్యకు కేకేసి చెప్తున్నరు, ఎక్కేటోళ్ళు పోయొస్తమని చెప్తున్నరు. ముసలోళ్ళు కర్ర పట్టుకుని మాకంటే ముందు దిగుతున్నరు.

జారుడు బండ దగ్గర చెంచు పిలగాళ్ళు వరసగా నిలబడి, దిగేటోళ్ళకు చెయ్యి అందిస్తున్నరు. మూడో చెయ్యి వానిది. మమ్మల్ని చూసిండు. మొహంలో ఏమీ లేదు. ముందు చెయ్యి ఇచ్చిండు, దింపిండు, తర్వాత "ఎందుకొచ్చిండ్రు?" అన్నడు.

"పరీక్షలున్నయి. తీస్కపోతందుకు వచ్చినం."

"నేను రాను. దర్శనం చేసుకోండ్రి. జాతర అయినంక మా ఇంటికి రండ్రి, తిని పోదురు."

సారీ చెప్దామని దారంతా మనసులో అనుకుంటూ వచ్చిన మాట అక్కడ నోట్లోకి రాలేదు.

జాతర ముగిసినంక వాళ్ళ పెంటకు పోయినం. పెంట పెద్దమనిషి బీటు ఆఫీసర్‌కు మా సంగతి చెప్పి, మా ముగ్గురి పేర్లు రాయించిండు. పెంట అంటే తెలవనోళ్ళకు, చెంచుల చిన్న ఊరు. గుండ్రటి గుడిసెలు కొన్ని, సర్కారు కట్టించిన ఇండ్లు కొన్ని, ఒక సోలార్ లైటు, బోలెడు కుక్కలు. వాళ్ళ నాయిన కాలికి కట్టుతో మంచంలో ఉన్నడు. అక్క, బావ, వాళ్ళ చిన్నబిడ్డ, అవ్వ అందరూ ఒక్క కాడనే. జొన్న రొట్టె పెట్టిండ్రు.

అవ్వ మమ్మల్ని ఒక్కొక్కన్ని అడిగింది, మీరేమోళ్ళని. గోండువాడు ఆరు దేవుళ్ళ లెక్క చెప్పిండు. కోయవాడు గట్టు చెప్పిండు. లంబాడా వాడు ఇంటిపేరు చెప్పి, అవ్వ ఏమంటదో అని నేల చూసిండు. అవ్వకు ఈ లెక్కలేవీ పట్టలేదు.

"శ్రీశైలం మల్లన్నకే పిల్లనిచ్చినోళ్ళం. దేవుడే మాకు అల్లుడు. మీతోని వరస కలపనీకి ఎంతసేపు?" అన్నది. "వీడు మీకు దోస్తే కదా? వీని అక్క మీకు అక్క. అక్క మొగడు మీకు బావ. అయిపాయె."

మేము ఆర్నెల్లు రూములో చెయ్యని పని అవ్వ ఒక్క నిమిషంలో చేసింది.

తెల్లారి మధ్యాహ్నం వాడు బంక ఏరనీకి పోయిండు. మమ్మల్ని పెంట దాటొద్దన్నడు. మేము నవ్వినం. "మేమూ అడవి పిల్లలమే గదరా" అనుకున్నం. వాగు దాకా పోయి స్నానం చేసి వద్దామని బయల్దేరినం. వాగు ఎండిపోయి ఉంది. నీళ్ళున్న మడుగు కోసం ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంట పోయినం. తిరిగి చూస్తే ఏ దిక్కు నుంచి వచ్చినమో తెలవలేదు. ఎండాకాలం నల్లమలలో ఆకులన్నీ రాలి ఉంటయి. ఏ దిక్కు చూసినా అవే మోళ్ళు, అవే రాళ్ళు. ఫోన్లో మ్యాపు నీలం చుక్కను చూపెడుతుంది, చుట్టూ ఏమీ లేదు.

గంటసేపు తిరిగినంక వాగు ఇసుకలో ఉత్తకాళ్ళ అడుగులు కనబడ్డయి. మడమ, పాదం, అయిదు వేళ్ళు. ప్రాణం లేచొచ్చింది. ఎవరో పెంట మనిషి నడిచిండు, వీటిని పట్టుకుని పోతే ఇల్లు చేరతం అనుకున్నం. అడుగుల వెంబడి ముగ్గురం వరసగా నడిచినం. మాలో ఒకడైతే "చిన్న పిలగాడు అనుకుంట, పాదం పొట్టిగుంది" అని కూడా అన్నడు.

పొద్దు వాలుతుంటే వెనక నుంచి చప్పట్లు వినబడ్డయి. వాడే. చప్పట్లు కొడుతూ, గట్టిగ దగ్గుతూ వస్తున్నడు. దగ్గరికొచ్చి మెల్లగా "ఇటు రండ్రి. ఉరకొద్దు" అన్నడు. మమ్మల్ని పక్కకు తీస్కపోయి ఎదురుగా చూపెట్టిండు. తునికి చెట్టు కింద నల్లగ ఒకటి, తల వంచి పండ్లు తింటున్నది. ఎలుగుబంటి. మాకు దానికి మధ్య హాస్టల్ గ్రౌండు అంత దూరం కూడా లేదు.

మేము గంటసేపు పట్టుకుని నడిచిన అడుగులు దానివి. ఎలుగు వెనక కాలి అడుగు మనిషి పాదం లెక్కనే ఉంటదట. వేళ్ళ ముందు గోర్ల గీతలు చూసుకోవాలట. ఆ గీతలు మాకు కనబడ్డయి. ఎవరో కట్టెతో గీసిండ్రు అనుకున్నం. ఎలుగుకు తిండి మీద పడితే చుట్టూ ఏముందో పట్టదు. దగ్గరికి పోయినంక ఉలిక్కిపడితే మీద పడతది. అందుకే వాడు దూరం నుంచే చప్పుడు చేసుకుంట వచ్చిండు, మనం ఉన్నమని దానికి ముందే తెలవాలని. అది తల ఎత్తి, గాలి వాసన చూసి, నెమ్మదిగ గుట్ట దిక్కు పోయింది.

వాడు తిట్టలేదు. "నీళ్ళు, నీళ్ళు" అన్నం.

"ఎక్కడి నీళ్ళు?" అన్నడు.

మాకు అర్థం కాలేదు. వాడే చెప్పిండు. దగ్గర్ల చెలిమె తవ్వుకోవచ్చు, కానీ ఇసుక లోతుంది, ఆలస్యమైతది. బండ మీద దొన ఉంది గానీ ఎండాకాలంల ఆ నీళ్ళు తాగొద్దు. మడుగు కాడికి పొద్దుగూకినంక జంతువులొస్తయి. గుట్ట కింద ఊట ఉంది, సన్నగ కారుతది, మంచిది. అక్కడికి తీస్కపోయిండు. ఆకును దొప్ప చేసి పట్టిండు. ముగ్గురం తాగినం.

నీళ్ళను మీ భాషలో ఏమంటరని ఫిబ్రవరిలో మేము వాన్ని అడిగినం. చెలిమె, దొన, మడుగు, ఊట, ఇవన్నీ తెలుగు మాటలే, మాకూ తెలిసినవే. కానీ ఏ నీళ్ళు ఎక్కడుంటయి, ఎవరు తాగే నీళ్ళు, ఏ పొద్దుకు పోవాలి అన్నది వానికి తెలుసు. మేము మూడో తరగతి నుంచే హాస్టళ్ళల్లో పెరిగినం. అడవి మా కుల సర్టిఫికెట్లో ఉన్నది, కాళ్ళల్లో లేదు. అటువంటి మేము వానికి ట్రైబల్ అంటే ఏందో చెప్పినం.

ఆ ఊట కాడనే చెప్పినం. "ఆ రాత్రి తప్పు మాట్లాడినం రా." వాడు కొంతసేపు ఆగి, "అవును, తప్పే," అన్నడు. "పరవాలేదు" అంటడనుకున్నం. అనలేదు. అట్ల అననందుకే మాకు కొంచెం ఊపిరి ఆడింది.

"దానికేనా రావట్లేదు?"

"దానికి కాదు. తాడు కోసం."

కొండ తేనె తియ్యడం మీలో చాలామంది ఫోటోల్లో చూసి ఉంటరు. పెద్ద తేనెటీగలు నిలువు కొండకు పెర పెడతయి. పైన చెట్టుకు తాడు కట్టి, మనిషి దాని మీద లోయలోకి వేలాడుతూ దిగాలి. పైన ముడి కాడ కాపలా ఒకరుండాలి. చెంచుల్లో ఆ కాపలా బావమరిదిది. దిగినోనికి ఏమన్నా అయితే తన అక్కనో చెల్లెనో ముండమోస్తది కాబట్టి, ఆమె తోడబుట్టినోడు ఆ తాడును ప్రాణం లెక్క చూసుకుంటడని నమ్మకం. వాళ్ళ ఇంట్ల ఇన్నేండ్లు నాయిన, బావ కలిసి తేనెకు పోయేటోళ్ళు. ఇప్పుడు నాయిన మంచంల ఉన్నడు. బావ దిగాలంటే అక్కకు ఒక్కడే తమ్ముడు. ఏప్రిల్, మే తేనె కాలం. ఆ రెండు నెలల పైసలతోనే వానల దాకా ఇల్లు గడవాలి. వీడు పరీక్షకు పోతే తాడు ఎవరు చూడాలె?

2006 అటవీ హక్కుల చట్టం మాకు సిలబస్‌లో ఉంది. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు మనదని సెక్షన్ నంబర్‌తో సహా పది మార్కులకు రాస్తం. ఆ ఉత్పత్తి కొండ మీది నుంచి కిందికి రావాలంటే ఒక బావమరిది చదువు ఆగిపోవచ్చని ఏ గైడులోనూ లేదు.

మర్నాడు రాత్రి బావ తేనెకు పోతుంటే మమ్మల్ని కూడా రమ్మన్నడు. "బావమరుదులే గదా, రండ్రి," అన్నడు. నవ్వుతాలుకు అన్నడేమో అనుకున్నం. కాదు. కొండ అంచుకు చేరినంక దండం పెట్టుకున్నరు. చెట్టుకు ముడి వేసి, మమ్మల్ని ముగ్గుర్ని వాని పక్కన ముడి కాడ కూచోబెట్టిండు. "ఒకసారి గుంజితే ఆగాలె. రెండుసార్లు గుంజితే పైకి. ఏమైనా కానీ, ముడి కాడి నుంచి లేవొద్దు." పచ్చి ఆకు చుట్టిన కాగడా ముట్టించి, నడుముకు బుట్ట కట్టుకుని చీకట్లోకి దిగిండు.

కింద పొగ లేసింది. తర్వాత శబ్దం వచ్చింది. తేనెటీగలు ఒక్కసారి లేస్తే అది ఈగల చప్పుడు లెక్క ఉండదు, లారీ ఇంజను లెక్క ఉంటది. గాలి మళ్ళింది. కొన్ని పైకొచ్చినయి. మొదటిది చెవి మీద కుట్టింది. అందరం చీరుకున్నం. మాలో ఇద్దరు లేచి ఉరికిండ్రు. ఒకడు కూచున్నడు. ఎవరు ఉరికిండ్రు, ఎవరు కూచున్నరు అన్నది రాయం, ముగ్గురం ఒప్పుకున్న మాట అది. వాడు మాత్రం తాడు మీద చెయ్యి వేసి, తల వంచుకుని, రాయి లెక్క కూచున్నడు. ఈగలు మెడ మీద పాకుతుంటే కూడా చెయ్యి తియ్యలేదు.

ఉరికిన ఇద్దరూ యాభై అడుగులు పోయి ఆగిండ్రు. కింద బావ తాడు మీద ఉన్నడన్నది అప్పుడు గుర్తొచ్చింది. మళ్ళీ వచ్చి కూచున్నరు. కుట్టించుకున్నరు. ఎంతసేపు అయిందో తెలవదు. తాడు రెండుసార్లు గుంజినట్టు అయింది. నలుగురం గుంజినం.

బావ పైకొచ్చి బుట్ట దించిండు. పెర మొత్తం కొయ్యలేదు, కొంత ఈగలకు వదిలేసిండు. వేడిగ, పొగ వాసనతో ఉన్న ముక్క మా చేతుల్లో పెట్టిండు. అప్పటికి మా మొహాలు గుమ్మడికాయలైనయి. ఉరికిన సంగతి మేమే చెప్పినం. "మళ్ళొచ్చిండ్రు గదా," అన్నడు. అంతే.

తిరిగి నడుస్తుంటే బావ అడిగిండు, పరీక్షలు ఎన్ని రోజులని. పన్నెండు రోజులన్నం. "మాలో ఒకడు ఉంటడు తాడు కాడ, వీన్ని పంపండ్రి" అని కూడా అన్నం. బావ పకపకా నవ్విండు. "మీకు పరీక్షల్లేవా? ఈ పన్నెండు రోజులు కొండ దిగను. జుంటి తేనె, బంక చూసుకుంట. మా బావమరిది వచ్చినంకనే దిగుత."

అక్క మాట్లాడలేదు. ఆ పన్నెండు రోజుల పైసలు పోతయని ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. పొద్దున్నే తమ్ముని బట్టలు ఉతికి ఆరేసింది. అది చూసి, వస్తున్నడని మాకు అర్థమైంది.

వాడు వచ్చిండు. రాత్రిళ్ళు రూములో నలుగురం కలిసి చదివినం. చివరి పేపరు రాసిన సాయంత్రమే బస్సు ఎక్కి పోయిండు, ముడి కాడికి. రిజల్ట్స్‌లో వానికి ఒక సబ్జెక్టు తప్పింది. మాలో ఒకనికి రెండు తప్పినయి. బావ జూన్ దాకా మూడుసార్లు దిగిండట, క్షేమంగ ఎక్కిండట. నాయిన కర్ర పట్టుకుని నడుస్తున్నడు. వచ్చే ఏప్రిల్ మాత్రం మళ్ళీ వస్తది, పరీక్షలు మళ్ళీ మే నెలలోనే. దానికి మా దగ్గర జవాబు లేదు. ఈ గ్రూపులో ఇటువంటి ఇండ్ల నుంచి వచ్చి పీజీ దాకా పోయిన అన్నలు, అక్కలు ఉంటే ఎట్ల నెట్టుకొచ్చిండ్రో రాయండి. వానికి చూపెడతం.

లైబ్రరీలో మాకు తర్వాత ఒక సంగతి కనబడ్డది. హైమండార్ఫ్ అని ఒకాయన 1943లో చెంచుల మీద, 1945లో కొండరెడ్ల మీద, 1948లో గోండుల మీద పుస్తకాలు రాసిండు. మూడూ ఒకటే అల్మారాలో పక్కపక్కనే ఉన్నయి. మన తాతలు పుస్తకాల్లోనన్నా పక్కపక్కన కూచున్నరు. మనం ఒకటే రూములో ఉండి "నువ్వెంత ట్రైబల్" అని కొలుచుకుంటున్నం. బయటోళ్ళు మనల్ని ఏమన్నా అంటే పోస్టులు పెడతం. మనలో మనం అనుకునే మాటల మీద పోస్టు పెట్టినోళ్ళు తక్కువ. అందుకే ఇది రాసినం.

మీ హాస్టల్లో చెంచు, కోలాం, తోటి, కొండరెడ్డి పిలగాళ్ళు ఒక్కరో ఇద్దరో ఉంటరు. అందరికంటే తక్కువ మాట్లాడేది వాళ్ళే. వాళ్ళకు పేరు పెట్టకండి. ముందు వరస కలపండి.

కిందటి వారం ఒక జూనియర్ రూముకొచ్చి, "తేనె అన్న ఉన్నడా?" అని అడిగిండు. ముగ్గురం ఒకేసారి అన్నం, "తేనె ఎవరు లేరు. మా బావ ఉన్నడు. పిలవాల్నా?"

వాడు మంచం మీద నుంచి మా దిక్కు చూసిండు. నవ్విండు.